వియన్నాలో వెన్న దొరకదా?

మా రోజుల్లో ప్రయాణం పెట్టుకుంటే ముందు పంచాంగం తీసేవాళ్లం. వర్జ్యం లేకుండా, ఎదురుగా తుమ్మేవాడు లేకుండా చూసుకుని గడప దాటేవాళ్లం. ఇప్పుడు ఎక్సెల్ పట్టిక తీస్తున్నారు. సంక్రాంతికి వచ్చిన మా అమ్మాయి, భోజనాల బల్ల మీద గారెల పళ్లెం పక్కకి జరిపి లాప్‌టాప్ తెరిచింది. "నాన్నా, వేసవి సెలవులకి అందరం యూరప్ వెళ్తున్నాం. నువ్వూ అమ్మా కూడా వస్తున్నారు" అంది. వస్తారా అని అడగలేదు, గమనించండి.

తెర నిండా రంగులు. నిలువునా తేదీలు, అడ్డంగా గంటలు. పారిస్ గులాబీరంగు, ప్రాగ్ ఆకుపచ్చ, వియన్నా పసుపు, రోమ్ నీలం. పది రోజుల్లో నాలుగు ఊళ్లు. వెళ్లేది ఆరుగురం: మేమిద్దరం, అమ్మాయి, అల్లుడు, ఆరేళ్ల మనవరాలు, రెండున్నరేళ్ల మనవడు.

నేను ముప్పై ఏడేళ్లు రైళ్లలో టిక్కెట్లు చూసి రిటైరైనవాణ్ణి. టైంటేబుల్ అంటే నాకు అలుసు లేదు, భక్తి. అందుకే ఆ పట్టిక చూడగానే ఒళ్లు మండింది. అందులో ఎక్కడా 'లేటు' అన్న మాటే లేదు. రెండున్నరేళ్ల వాడు పొద్దున్న ఎనిమిదింటికి పారిస్‌లో హోటలు ఖాళీ చేసి, మధ్యాహ్నం రెండింటికి ప్రాగ్‌లో కోట చూస్తాడట! వాడికి చొక్కా తొడగడానికే నలభై నిమిషాలు పడుతుంది. రెండో చెయ్యి దూర్చేలోపు మొదటి చెయ్యి బయటికి లాగేస్తాడు.

పాత డైరీ ఒకటి తీసి వెనక పేజీలో లెక్క కట్టాను. రాకపోకలకి రెండు రోజులు. మిగిలింది ఎనిమిది. నాలుగు ఊళ్లంటే మూడుసార్లు మకాం మార్చాలి. మార్చిన ప్రతిసారీ పెట్టెలు సర్దుడు, తోపుడుబండి మడుపుడు, వాడొక బూటు మంచం కింద పారేస్తే వెతుకుడు, విమానాశ్రయంలో పడిగాపులు, కొత్త ఊళ్లో తాళంచెవి కోసం ఫోన్లు. ఒక్కో మార్పుకీ ఒక రోజు హారతి కర్పూరం. ఇంక ఐదు రోజులు. ఐదు రోజుల్లో నాలుగు ఊళ్లంటే అది చూడటం కాదు, ఇన్‌స్పెక్షన్. మా డివిజనుకి పెద్ద అధికారి డీఆర్‌ఎం గారు కూడా అంత తొందరగా స్టేషన్లు దాటేవారు కాదు.

"మా రోజుల్లో ఒక ఊరికి వెళ్తే ఆ ఊళ్లో ఉండేవాళ్లమమ్మా" అన్నాను.

"అయితే ఆ ఒక్క ఊరేదో మీరే చెప్పండి మావయ్యగారూ" అన్నాడు అల్లుడు. మంచివాడు. కానీ చిరునవ్వుతో అన్నాడు, అదీ నాకు నచ్చనిది.

చెప్పాను. పారిస్ మెట్రో 1900లో మొదలైంది. పాతవాటికుండే జబ్బు దానికీ ఉంది, చాలా స్టేషన్లలో మెట్లే తప్ప లిఫ్టు లేదు. పిల్లాడితో సహా తోపుడుబండిని ఇద్దరం మోయాలి, ఆ ఇద్దరిలో ఒకడికి మోకాళ్లు లేవు. ప్రాగ్, రోమ్ పాతబస్తీల్లో రాళ్లు పరిచిన వీధులు. ఆ రాళ్ల మీద బండి తోస్తే నిద్రపోయే పిల్లాడు లేచి కూర్చుంటాడు. వియన్నాలో ఇప్పటి ట్రాములు నేలకి ఆనుకున్నంత కిందకి ఉంటాయి, బండిని అలాగే తోసేయొచ్చు. ఆరేళ్లలోపు వాళ్లకి ఊళ్లో బస్సూ ట్రామూ మెట్రో అన్నీ ఉచితం. ప్రభుత్వ మ్యూజియాల్లో 19 ఏళ్లలోపు ఎవరికీ టిక్కెట్టు లేదు.

నా స్వార్థం కూడా ఉందనుకోండి. వియన్నాకి దక్షిణాన సెమ్మరింగ్ కొండల మీద రైలుమార్గం ఉంది. కార్ల్ ఫాన్ గేగా అనే ఇంజనీరు కట్టించాడు. 41 కిలోమీటర్లు, 14 సొరంగాలు, 16 పెద్ద వంతెనలు. 1854లో పూర్తయింది, అంటే మన బొంబాయి-ఠాణా బండి నడిచిన మరుసటి ఏడు. ఆ కొండ ఎక్కగల ఇంజన్లు ఇంకా లేకముందే పట్టాల పని మొదలుపెట్టారు! యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కిన మొట్టమొదటి రైలుమార్గం అదే, 1998లో. మన డార్జిలింగ్ బండి 1999లో ఎక్కింది. ఒక్క ఏడాది తేడాతో మనల్ని వెనక్కి నెట్టినదాన్ని కళ్లారా చూడాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

అలా మూడు రంగులు పోయి పసుపు మిగిలింది. గెలిచాననుకున్నాను. వారం తిరక్కుండా ఆ పసుపులోనే 27 గీతలు పుట్టాయి. ఆ సంగతి తర్వాత.

ముందు వీసా. మా మేనమామ 1970లో చదువుకని జర్మనీ వెళ్తే చేతిలో సర్కారు అనుమతించిన ఎనిమిది డాలర్లున్నాయి. ఆ ఎనిమిది డాలర్ల కథ చచ్చేదాకా చెప్పాడు. ఇప్పుడు డబ్బు పట్టుకెళ్లడం సమస్య కాదు, మన దగ్గర డబ్బుందని నిరూపించడం సమస్య. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆఫీసు సెలవు ఉత్తరం, పిల్లల పుట్టినతేదీ సర్టిఫికెట్లు, హోటలు బుకింగులు, రోజువారీ కార్యక్రమం, మనిషికి కనీసం 30,000 యూరోల వైద్య బీమా. పెద్దవాళ్లకి వీసా రుసుము 90 యూరోలు, ఆరు నిండిన పిల్లలకి 45, ఆరులోపు వాళ్లకి ఏమీ లేదు. మా మనవరాలికి ఆరు నిండి అప్పటికి నలభై రోజులు. "ఐదున్నర అని రాస్తే పోలా?" అంది మా ఆవిడ. ఎవరితో అంటున్నావే? మీసాలు మొలుస్తున్న నాలుగేళ్ల పిల్లల్ని నా సర్వీసులో వందలమందిని చూశాను. ఐదు దాటితే అర టిక్కెట్టు అన్నది మన రూలు. 2016 నుంచి ఆ పిల్లకి బెర్తు కావాలంటే పూర్తి టిక్కెట్టే. ఎంతమంది తల్లులు నా ఎదురుగా పిల్లాడి నెత్తి మీద చెయ్యేసి కిందకి నొక్కి వయసు తగ్గించాలని చూశారో! ఇప్పుడు మా ఇంట్లోనే మొదలైంది.

చిన్నవాడి ఫొటో ఇంకో పురాణం. నవ్వకూడదు, నోరు మూసుకోవాలి, సూటిగా చూడాలి. రెండున్నరేళ్ల వాడు ఈ మూడూ ఒకేసారి చేసేది నిద్రలోనే, అప్పుడు కళ్లు మూసుకుంటాడు. స్టూడియో కుర్రాడు నలభై ఫొటోలు తీసి చెమటలు కక్కాడు. పన్నెండేళ్లలోపు పిల్లలకి వేలిముద్రలు అక్కర్లేదన్నారు కాబట్టి బతికాం. నావి మాత్రం తీసుకున్నారు. మిషను మూడుసార్లు నన్ను మనిషిగా ఒప్పుకోలేదు. "అంకుల్, మీ వేళ్లు అరిగిపోయాయి" అంది అక్కడి అమ్మాయి. అరగవా మరి? ముప్పై ఏడేళ్లు అట్టముక్క టిక్కెట్లు తిప్పిన వేళ్లవి.

ఆ తర్వాత వచ్చింది అసలు గొడవ: నెయ్యి. చిన్నవాడికి ముద్దపప్పు అన్నంలో నెయ్యి పడకపోతే నోరు తెరవడు. మా ఆవిడ కిలో నెయ్యి కాచి, స్టీలు డబ్బాలో పోసి, మూతకి గుడ్డ కట్టి సిద్ధం చేసింది. అమ్మాయి చూసి నెత్తి కొట్టుకుంది. మాంసం, పాలు, పాలతో చేసినవి బయటి దేశాలవాళ్లు సామానులో పెట్టుకుని యూరప్‌లోకి తీసుకురాకూడదట. పసిపిల్లల పాలపొడి మాత్రం సీలు తియ్యని డబ్బాలైతే రెండు కిలోల దాకా పరవాలేదు. కోవా కుదరదు, జున్ను ఊసే లేదు. ఆవకాయ మాంసం కాదు, పాలూ కాదు కనక దాని జోలికి రారు. మా ఆవిడ డబ్బా ముందు కూర్చుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తేల్చేసింది: "ఏం, వియన్నాలో వెన్న దొరకదా? అక్కడే కొని అక్కడే కాస్తాను." హోటలు రద్దు చేసి వంటిల్లున్న అపార్ట్‌మెంటు తీసుకోవాల్సి వచ్చింది. పిల్లలున్న ఇంటికి మొదటినుంచీ అదే కావాలి. మూడు నెలలు పరిశోధించిన పట్టికకి తట్టలేదు, నెయ్యి డబ్బాకి తట్టింది.

ఇంకో చిక్కు కూడా దాంతోనే బయటపడింది. మేము దిగేది ఆదివారం పొద్దున్నే అని పట్టికలో ఉంది. ఆదివారం ఆ ఊళ్లో దుకాణాలు తెరవరు. మన వీధి చివర కొట్టువాడిలా పక్క తలుపు తట్టినా పాలపాకెట్టు ఇచ్చేవాడుండడు. పెద్ద రైల్వే స్టేషన్లలో ఉన్న దుకాణాలు మాత్రం తెరిచి ఉంటాయట. విన్నారా? దేశం ఏదైనా కష్టానికి ఆదుకునేది స్టేషనే. అయినా దిగిన రోజున, నిద్రలేని పిల్లల్ని వేసుకుని పాలకోసం స్టేషనుకి పరిగెత్తడమెందుకని టిక్కెట్లు శుక్రవారం రాత్రికి మార్చారు. శనివారం మధ్యాహ్నం దిగి, సాయంత్రం ఆరింటికి కొట్లు మూసేలోపు వెన్న, పాలు, బియ్యం కొనుక్కోవాలి. టిక్కెట్టు మార్చినందుకు ఎంత కట్టారో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

1990లో మా రామేశ్వరం యాత్రకి రద్దు రుసుములు లేవు. అప్పుడు మా అమ్మాయికి ఐదేళ్లు, మావాడికి రెండు. నేను చేసిన ఏర్పాటల్లా ఒక ఇన్‌లాండ్ కవరు. మద్రాసులో ఉన్న మా మేనత్త కొడుక్కి, 'ఫలానా తారీకు పొద్దున్నే నలుగురం దిగుతున్నాం' అని రాసి పడేశాను. జవాబు కోసం చూడలేదు, చూస్తే వాణ్ణి అవమానించినట్టు. హోల్డాలు, ట్రంకు పెట్టె, మరచెంబు, వెదురుబుట్టలో పులిహోర, దిబ్బరొట్టె. రైల్లో రెండు పై బెర్తుల గొలుసులకి చీర కట్టి ఉయ్యాల వేస్తే మావాడు గూడూరు దాకా కన్ను తెరవలేదు. ఏ కంపెనీ తోపుడుబండి అంత మెత్తగా ఊగుతుందండీ? మద్రాసు నుంచి మీటరు గేజి బండిలో పంబన్ వంతెన దాటి రామేశ్వరం చేరాం. అక్కడ అమ్మాయికి జ్వరం వచ్చింది. సత్రంలో మూడు రోజులు ఉండిపోయాం. కన్యాకుమారి మానేశాం. ఆ మూడు రోజులూ సత్రం అరుగు మీద పిల్లలు గవ్వలు పోసుకుని ఆడుకున్నారు. మా అమ్మాయికి ఆ ప్రయాణంలో గుర్తున్నది గుడి కాదు, వంతెన కాదు, ఆ గవ్వలే.

"చూశావా, ఏ పట్టికా లేకుండా పదిహేను రోజులు తిరిగొచ్చాం" అన్నాను, అందరూ వినేలా.

వంటింట్లోంచి మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "పట్టిక లేదా? ఎన్ని పాత చీరలు చింపి గుడ్డలు కుట్టానో మీకు తెలుసా? గ్రైప్ వాటరు, జ్వరం మందు, వాము, కొబ్బరినూనె, పాలపొడి... ఏది ఏ సంచిలో ఉందో చీకట్లో చెయ్యి పెడితే తగిలేది. పిల్ల జ్వరంతో మూలుగుతుంటే మూడు రాత్రులు తడిగుడ్డ వేసిందెవరు? మీరు ప్రతి స్టేషన్లో దిగి టీ తాగి, బండి కదిలాక ఎక్కేవారు. పట్టిక ఉందండీ. నా తలకాయలో ఉండేది."

ముప్పై ఐదేళ్ల తర్వాత వచ్చిన రిపోర్టు. నా దగ్గర జవాబు లేదు. అమ్మాయి ఏమీ అనకుండా లాప్‌టాప్ నా వైపు తిప్పింది. 'డైపర్లు, రోజుకి ఐదు' అన్న గీత ఎదురుగా అల్లుడి పేరుంది. 'మధ్యాహ్నం నిద్ర' ఎదురుగా కూడా అతని పేరే. 'రాత్రి పాలు' ఎదురుగా ఒకరోజు అతనిది, ఒకరోజు ఆమెది. నేను డైపరు మార్చడం సంగతి సరే, మావాడి గుడ్డ ఏ వైపు నుంచి కడతారో కూడా నాకు ఇప్పటికీ తెలియదు. పట్టిక మీద నాకున్న కోపం ఆ రోజు సగం తగ్గింది. సగమే.

మిగతా సగం మీద ఇంకో తండ్రి నీళ్లు చల్లాడు. వియన్నా గురించి చదువుతుంటే తగిలాడు: లియోపోల్డ్ మోజార్ట్, సంగీత విద్వాంసుడు మోజార్ట్ తండ్రి. 1762 అక్టోబరులో ఆరేళ్ల కొడుకునీ పదకొండేళ్ల కూతుర్నీ వెంటేసుకుని వియన్నా షోన్‌బ్రున్ భవనానికి వెళ్లి మహారాణి మరియా థెరీసా ఎదుట వాయింపించాడు. ఆ నెలలోనే పిల్లాడు జబ్బుపడి మంచమెక్కాడు. అయినా బుద్ధి రాలేదు. మరుసటి ఏడు జూన్‌లో భార్యాపిల్లలతో గుర్రబ్బండి కట్టించి యూరప్ మీద పడ్డాడు. బయల్దేరిన రోజే బండి చక్రం విరిగింది. మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్, బ్రస్సెల్స్, పారిస్, లండన్. హేగ్ నగరంలో పిల్లలిద్దరూ ఒకరి తర్వాత ఒకరు విషజ్వరంతో చావుబతుకుల్లోకి వెళ్లారు. 1766 నవంబరు చివర్లో గాని ఇల్లు చేరలేదు. మూడున్నరేళ్లు! మా అమ్మాయి వేసిన నాలుగు ఊళ్లు దాని ముందు ఎంత? ఆ పెద్దమనిషి పిల్లల్ని ఊళ్లు చూడనివ్వడానికి తీసుకెళ్లలేదు, ఊళ్లకి పిల్లల్ని చూపించడానికి తీసుకెళ్లాడు. ఇప్పటివాళ్లు ఫొటోలు తీసి గంటగంటకీ పెట్టడం చూస్తే ఆయన వంశం అంతరించలేదనిపిస్తుంది. అన్నట్టు ఆ మహారాణికి పదహారుమంది పిల్లలు. ఆవిడ ఎక్కడికైనా బయల్దేరితే డైపర్ల లెక్క ఎవరు కట్టేవారో.

ఇంక ఆ 27 గీతల సంగతి. వాటిలో సగానికి పైగా నేనే కొట్టేశాను, రైల్వే లెక్కతో. మే నెలలో వియన్నా మనకంటే మూడున్నర గంటలు వెనక. ఇక్కడ పొద్దున్న ఏడింటికి లేచేవాడు అక్కడ మూడున్నరకి లేచి కూర్చుంటాడు. ఇక్కడ రాత్రి తొమ్మిదింటికి పడుకునేవాడికి అక్కడ సాయంత్రం ఐదున్నరకే కళ్లు మూతలు పడతాయి. బయట చూస్తే రాత్రి ఎనిమిదింటికి కూడా వెలుతురే. పట్టికలో మొదటి రోజు రాత్రి ఎనిమిదింటికి ప్రాటర్ అనే పార్కులో జెయింట్ వీల్ అని ఉంది. 1897 నాటి చక్రం, 65 మీటర్లకి కాస్త తక్కువ ఎత్తు. యుద్ధంలో తగలబడ్డాక 30 పెట్టెల్లో 15 మాత్రమే తిరిగి కట్టారు. చూడాల్సిందే, కాదనను. కానీ ఆ వేళకి పిల్లాడి ఒంట్లో రాత్రి పదకొండున్నర. చక్రం పైకి వెళ్లాక వాడు గొంతెత్తితే కిందనున్న ఆస్ట్రియా వాళ్లు యుద్ధం మళ్లీ వచ్చిందనుకుంటారు. పొద్దున్నకి మార్పించాను.

మంగళవారం ప్రకృతి చరిత్ర మ్యూజియం అని ఉంది. మంగళవారం దానికి సెలవు, అది మా మనవరాలు కనిపెట్టింది, ఫోనులో. దాన్ని బుధవారానికి తోసి, మంగళవారం షోన్‌బ్రున్ జూ పెట్టాం. అది 1752లో మొదలైంది, అప్పటినుంచీ మూతపడకుండా నడుస్తున్న జంతుప్రదర్శనశాలల్లో ప్రపంచంలోకెల్లా పాతది అదే. మన నెహ్రూ జూ 1963ది. అక్కడికి ఒక రోజంతా ఇచ్చాం. సెమ్మరింగ్‌కి ఒక రోజు. సంగీత కచేరీ కొట్టేశాం. రెండో భవనం, మూడో భవనం, నాలుగో చర్చి కొట్టేశాం. మిగిలిన మధ్యాహ్నాలు ఖాళీగా వదలమన్నాను. అమ్మాయి ఒప్పుకుంది. సాయంత్రం చూస్తే పట్టికలో బూడిదరంగుతో కొత్త గీత: 'ఖాళీ సమయం, 3:00 నుంచి 4:30 వరకు.' ఖాళీకి కూడా టైము కట్టిన పిల్ల! ఎవరి కూతురో.

తిండి గురించి నాకు బెంగ లేదు. అక్కడ కైజర్‌ష్మార్న్ అని చక్రవర్తి పేరు పెట్టిన పలహారం ఉందట. గుడ్డు వేసిన మందపాటి అట్టుని పెనం మీదే ముక్కలు చేసి, పైన పంచదార పొడి చల్లి ఇస్తారు. మా ఇంట్లో తిరగేసేటప్పుడు విరిగిన అట్టుకి ఆ గౌరవం ఎప్పుడూ దక్కలేదు. నీళ్ల గురించి అసలే లేదు. 1873 నుంచి ఆల్ప్స్ కొండల ఊటనీళ్లు గొట్టాల్లో ఆ ఊరికి వస్తున్నాయి. కుళాయి తిప్పి తాగేయొచ్చు, వీధుల్లో కూడా పట్టుకోవచ్చు. మేము ప్లాట్‌ఫారం కుళాయి దగ్గర మరచెంబు నింపుకుంటే అనాగరికమన్నారు కదా, ఇప్పుడు అదే పని చెయ్యడానికి విమానం ఎక్కుతున్నారు. మరచెంబు తోమించి నా సంచిలో పెట్టాను. అమ్మాయి చూసింది గాని ఏమీ అనలేదు.

పట్టికలో నాకోసం చేర్చిన గీత ఒకటే. ప్రాటర్‌లో చిన్నరైలు, లిలిపుట్‌బాన్ అంటారు. 1928 నుంచి నడుస్తోంది. గేజి 381 మిల్లీమీటర్లు, అంటే డార్జిలింగ్ బండి గేజి కన్నా ఇంకా సన్నం. దారి నాలుగు కిలోమీటర్లు. అప్పుడప్పుడు ఆవిరి ఇంజను కూడా కడతారట. పిల్లలకని రాశారు. మా ఆవిడ పక్కనే పెన్సిలుతో 'ఇద్దరు పిల్లలు, ఒక ముసలి పిల్లాడు' అని దిద్దింది.

బయల్దేరేది ఈ శుక్రవారం రాత్రి. నెయ్యి డబ్బా ఎదురింటివాళ్లకి ఇచ్చేశాం. మీలో ఎవరైనా పిల్లల్ని తీసుకుని వియన్నా వెళ్లొచ్చిన వాళ్లుంటే, ఆ చిన్నరైల్లో ఇంజను పక్క పెట్టెలో పెద్దవాళ్లని కూర్చోనిస్తారో లేదో నాకొక కార్డుముక్క రాసి పడేయండి.